టోపీ చాటు మాట

మా కోచ్ లెజ్యూన్ ఆ ఏప్రిల్ శనివారం డెస్మండ్‌తో ఏమన్నాడో మా ఊళ్లో అందరికీ తెలుసు. చర్చి మెట్ల మీద చెప్పుకున్నారు, మంగలి షాపులో చెప్పుకున్నారు, ఫోన్లలో రాసుకున్నారు. ఆయన అసలు ఆ మాట అనలేదని తెలిసినవాళ్లం ముగ్గురమే: ఆయన, ఆ కుర్రాడు, నేను. వాళ్లిద్దరూ నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు గానీ నా సంగతి వేరు. ఆ మాట పుట్టించింది నేనే.

నా పేరు ఎర్లీన్ గిడ్రీ. ముప్పయ్యేళ్లు చక్కెర మిల్లులో, చెరుకు నలిపే రోలర్ల దగ్గర పనిచేశాను. ఆ మోతకి చెవులు పూర్తిగా పోయాయి. మిల్లులో ఎవరి మాటా ఎవరికీ వినబడదు కనక అక్కడ అందరం పెదాలు చూసి మాట పట్టుకోవడం నేర్చుకున్నాం. షెడ్డు ఆ చివర ఇద్దరు గుసగుసలాడుకుంటే ఈ చివర మేం నవ్వుకునేవాళ్లం. రిటైరయ్యాక ఆ విద్య నాకు ఒక్కచోటే పనికొచ్చింది, కాలేజీ బేస్‌బాల్ మైదానంలో.

మా జట్టుని కొంగలంటారు. మిగతా కాలేజీలు పులులూ డేగలూ పెట్టుకుంటే మావాళ్లకి కొంగ దొరికింది. మేం మూడో బేస్ వైపు నాలుగో వరసలో, జట్టు కూర్చునే డగౌట్ పక్కనే కూర్చుంటాం. నేను, నా మరిది కర్లీ, పోస్టాఫీసు లునెల్. కర్లీ ఇరవై ఎనిమిదేళ్లు స్కూలు బస్సు నడిపాడు. వాడు నోరు తెరిస్తే ముందు వరసవాళ్లు ఉలిక్కిపడతారు, కాబట్టి గొంతు పెద్దదే అయ్యుండాలి. లునెల్ అభిమానుల కోసం ఇంటర్నెట్లో పేజీ నడుపుతుంది, ఆ పేజీ చూడందే మా ఊళ్లో ఎవరికీ కాఫీ దిగదు. నా ఎడమ పక్క కుర్చీ ఒలీటా ఫోంటెనోది. మిల్లులో నా జతమనిషి, బంతి విసిరే మా పిచర్ డెస్మండ్‌కి తల్లి.

ఆ వరసలో ఎప్పుడూ ఒకటే తగువు. కోచ్‌కి పిల్లలంటే ప్రేమ ఉందా లేదా అని.

"రాయి ఆ మనిషి," అనేది లునెల్. "ఇరవై రెండేళ్లలో ఒక్క పిల్లాడి భుజం తట్టగా చూశావా? గెలిచినా అదే ముఖం, ఓడినా అదే ముఖం. పన్ను పీకించుకోడానికి వచ్చినట్టు."

"భుజాలు తట్టడానికి ఆయనేమన్నా ఓట్లడుగుతున్నాడా?" అనేవాడు కర్లీ. "కిందటేడు ఆ పొడుగు కుర్రాడి నాయనమ్మ పోతే ఐదు గంటలు కారు నడుపుకుంటూ వెళ్లాడు. అంత్యక్రియల్లో వెనక కూర్చుని, ఎవరితో చెప్పకుండా వచ్చేశాడు."

"ఓడిన రోజు వరదకట్ట మీద వాళ్లని పరిగెత్తిస్తాడు. అదీ ప్రేమేనా?"

"తనూ పరిగెడతాడుగా వెనకాల, ఆ అరవయ్యేళ్ల మోకాళ్లేసుకుని."

"మధ్యలో ఎవడూ పారిపోకుండా కాపలా కాస్తున్నాడు."

ఉడికించిన వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ ఇలా గంటలు గంటలు. తగువు తెగకపోతే ఇద్దరూ నా వైపు తిరిగేవాళ్లు. ఎందుకంటే కోచ్‌కి ఒక నియమం ఉంది. ఆట మధ్యలో ఆయన మైదానంలోకి నడిచి, పిచర్ నిలబడే ఆ మట్టిదిబ్బ మీదికి వెళ్లి ఏం మాట్లాడినా అది దిబ్బ దాటకూడదు. కాలేజీ వదిలి పదేళ్లయిన కుర్రాళ్లని అడిగినా, "దిబ్బ మీది మాట కదా, మిస్టర్ కర్లీ" అని నవ్వి ఊరుకుంటారు. భార్యలకి కూడా చెప్పరట. ఇక మిగిలింది నేనే. ఆయన దిబ్బ మీద డగౌట్ వైపు, అంటే మా వైపు, ముఖం పెట్టి నిలబడేవాడు. "ఏమన్నాడు ఎర్లీన్? ఏమన్నాడు వదినా?" అంటూ ముందు వరసలూ వెనక వరసలూ మెడలు తిప్పేవి.

నిజం చెప్పాలంటే ఆయన ఏమీ అనేవాడు కాదు. "నీళ్లు తాగావా?" "బస్సు ఐదింటికి." "కుడివైపు వాడికి కిందికి వెయ్యి." ఇవి చెప్తే జనం ముఖాలు వేలాడేసేవాళ్లు. అందుకని కొంచెం ఉప్పూ కారం కలపడం మొదలుపెట్టాను. "మా పిల్లికి నీకంటే బాగా గురి ఉంది, అన్నాడు" అనేదాన్ని. అందరూ పడీపడీ నవ్వేవాళ్లు. ఒలీటా మాత్రం మోచేత్తో పొడిచి, "అంత లేదులే" అని పెదాలతో అనేది. తనకీ చదవడం వచ్చుగా. ఆ మోచెయ్యి తగిలాక నేను సర్దుకునేదాన్ని. "సరదాకి అన్నాలెండి, నీళ్లు తాగమన్నాడు."

జనవరిలో ఒలీటా పోయింది. కడుపులో పుండు, మూడు వారాలు. మా ఆయన పోయినప్పుడు కూడా ఇల్లు అంత ఖాళీ అనిపించలేదు. చెవిటిదానికి జత చెవిటిది పోతే ఇక మాట్లాడేదెవరితో? వారంలో ఐదు రోజులు నా నోట్లోంచి ఒక్క మాట కూడా వచ్చేది కాదు. శనాదివారాలు మైదానంలో పాతిక తలలు నా వైపు తిరిగితే నేనింకా బతికే ఉన్నానని తెలిసేది. ఇది సాకు కాదు. ఎందుకు చేశానంటే ఏం చెప్పాలి మరి, ఇదే.

ఆ ఏప్రిల్ శనివారం ఏడో ఇన్నింగ్స్‌లో డెస్మండ్‌కి గురి తప్పిపోయింది. వరసగా ముగ్గురికి దారి తప్పిన బంతులేసి ముగ్గుర్నీ ఊరికే బేస్‌ల మీదికి పంపించాడు. మధ్యమధ్యలో మా వరస వైపు చూస్తున్నాడు. కోచ్ డగౌట్‌లోంచి లేచి, చేతులు జేబుల్లో పెట్టుకుని, నెమ్మదిగా దిబ్బ మీదికి వెళ్లాడు. వెళ్లి టోపీ తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. అంతకుముందు ఎప్పుడూ అలా పెట్టుకోలేదు. చాలాసేపు మాట్లాడాడు. డెస్మండ్ ముఖం ముడుచుకుపోయింది. బంతి ఆయన చేతికిచ్చి, మా వైపే నడిచి వస్తూ ఏడుస్తున్నాడు. ఇరవై ఒక్కేళ్లవాడు, ఆరడుగుల మనిషి, అందరి ముందూ. డగౌట్ మెట్టు దగ్గర చెయ్యి పైకెత్తాడు. ఎండకి అడ్డం పెట్టుకున్నాడనుకున్నాను.

"ఏమన్నాడు?" లునెల్ నా మోకాలు పట్టుకుని ఊపేస్తోంది. "ఎర్లీన్, పిల్లాడు ఏడుస్తున్నాడు. ఏమన్నాడాయన?"

నాకు కనబడలేదు అంటే సరిపోయేది. రెండు మాటలు. పాతిక తలలూ నా వైపు తిరిగి ఉన్నాయి. ఒలీటా పిల్లాడిని ఏడిపించాడన్న కోపమూ ఉంది. మోచెయ్యి లేదు. నోట్లోంచి వచ్చేసింది.

"మీ అమ్మ ముందే పోయింది, నయం, ఇది చూడకుండా. అలా అన్నాడు."

ఆ మాట నేను కల్పించింది కూడా కాదు. పాతికేళ్ల కిందట రోలర్లో నా చొక్కా చెయ్యి ఇరుక్కుని మిల్లు మొత్తం ఆపాల్సి వచ్చిన రోజు, మా ఫోర్‌మన్ మా నాన్న పేరెత్తి నాతో అన్న మాట అది. పాతికేళ్లు కడుపులో పెట్టుకుని మోసి, తీసుకొచ్చి ఇంకొకాయన నోట్లో పెట్టాను.

ఆ మాట అంటూ కిందికి చూశాను. డెస్మండ్ మెట్టు మీదే నిలబడి ఉన్నాడు. తడి కళ్లతో నా నోటి వైపే చూస్తున్నాడు. ఒలీటా వాడికి చిన్నప్పుడే పెదాలు చదవడం నేర్పిందని అప్పుడు గుర్తొచ్చింది. మా ఇద్దరి మధ్యలో పదిహేను అడుగులుంటాయి. వాడు తల దించుకుని లోపలికి వెళ్లిపోయాడు.

"టోపీ అడ్డం ఉందిగా వదినా," అన్నాడు కర్లీ. వాడి ముఖం పాలిపోయింది.

"పక్కనించి కనబడింది," అన్నాను.

కర్లీ నెత్తి మీది కొంగ టోపీ తీసి, మడిచి, కుర్చీ కింద పెట్టాడు. ఇరవై రెండేళ్లు ఆ కోచ్ కోసం లునెల్‌తో, పాస్టరుతో, సొంత తమ్ముళ్లతో పోట్లాడినవాడు నా ఒక్క మాటకి పోట్లాట మానేశాడు. ఆటయ్యాక ఆ టోపీ అక్కడే వదిలేశాడు. నేనే తీసుకెళ్లి ఇంట్లో బీరువాలో పెట్టాను.

లునెల్ ఆ సాయంత్రమే పేజీలో పెట్టింది. ఆదివారానికి ఊరంతా, సోమవారానికి రాష్ట్రమంతా. తల్లి లేని పిల్లాడితో అనే మాటేనా అని నాలుగొందల మంది రాశారు. కాలేజీ వాళ్లు విచారణ పెట్టారు. ముందు డెస్మండ్‌ని పిలిచారు. "దిబ్బ మీది మాట చెప్పను" అన్నాడట. కోచ్‌ని పిలిచారు. ఆయనా అదే మాట. పేజీలో మళ్లీ తగువు.

"చూశారా, కుర్రాడు బెదిరిపోయాడు," అని రాసింది లునెల్. "అనకపోతే అనలేదని చెప్పడానికేం?"

అక్కడ ఒక్కరికీ తట్టలేదు, ఆయన నేర్పిన నియమమే ఆయన మెడకి చుట్టుకుందని, వాడు బెదిరి కాదు, మాటిచ్చి ఊరుకున్నాడని. నాకు తట్టింది. తట్టి ఏం లాభం?

నన్ను పిలిచింది బుధవారం పొద్దున. కర్లీయే తన ట్రక్కులో తీసుకెళ్లాడు. దారి పొడవునా నిజం చెప్పేయాలనే అనుకున్నాను. రెండు వాక్యాలు తయారుచేసుకున్నాను కూడా. కనబడలేదు, నేనే కల్పించాను. అద్దాల గదిలో కళ్లజోడు పెట్టుకున్న ఒకావిడ, నా కోసం పెదాలు బాగా కదుపుతూ, మర్యాదగా అడిగింది. "టోపీ అడ్డం ఉన్నా మీకు స్పష్టంగా కనబడిందా, మిస్ ఎర్లీన్?"

నేను నోరు తెరిచేలోపు పక్కన కూర్చున్న కర్లీ అందుకున్నాడు. "అమ్మా, మా వదిన ఇరవయ్యేళ్లుగా మాకు మాటలు చెప్తోంది. ఒక్కటీ తప్పు చెప్పలేదు. ఆ కోచ్ అంటే నాకు ప్రాణం. ఇంకెవరన్నా చెప్పుంటే నమ్మేవాణ్ని కాదు. మా వదిన అబద్ధం చెప్పదు."

వాడి కళ్లల్లో నీళ్లు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇప్పుడు కాదంటే వీడి ముఖం ఎలా చూడను? వీడు కూడా పోతే నాకు మిగిలేదెవరు? "కనబడింది," అన్నాను. ఆవిడ రాసుకుంది.

బయట వరండాలో కోచ్ కూర్చుని ఉన్నాడు, గోధుమరంగు కోటు వేసుకుని. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. కర్లీ వైపు చెయ్యి చాపాడు. కర్లీ రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని గోడ వైపు చూస్తూ నడిచేశాడు. ఆ చెయ్యి అలాగే కాసేపు గాలిలో ఉండిపోయింది. నేను ఆ చెయ్యి దాటుకుని వెళ్లాను.

వారం తిరక్కుండా తేల్చేశారు. సీజన్ ముగిసేదాకా ఉండి కోచ్ తనంతట తనే తప్పుకుంటాడని కాలేజీ ప్రకటించింది. కొత్త కోచ్‌ని కూడా చూసుకున్నారు, తెల్లటి పళ్లూ అందరి భుజాలూ తట్టే అలవాటూ ఉన్న మనిషిని. సీజన్‌లో మిగిలిన మూడు వారాలూ నేను ఇంట్లోంచి కదల్లేదు. అన్నం సయించేది కాదు. బీరువా తీస్తే కర్లీ టోపీ.

మే నెలలో ఆఖరి ఆటకి కర్లీయే బలవంతం చేసి తీసుకొచ్చాడు. "ఆయన పోతున్నాడు, మంచిదే. జట్టు మనదే కదా వదినా," అన్నాడు. టోపీ లేకుండా కూర్చున్నాడు. ఒలీటా కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. లునెల్ నాకు వేరుశనక్కాయల పొట్లం ఇచ్చింది, ఒక్కటీ ఒలవలేకపోయాను.

డెస్మండ్ ఆ రోజు నిప్పులు చెరిగాడు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో చెయ్యి అలిసిపోయింది. కోచ్ లేచి నడిచాడు. మైదానంలో సగం మంది ఆయన్ని చూసి గోల చేస్తున్నారని వాళ్ల నోళ్లు చూసి తెలుసుకున్నాను. ఆయన దిబ్బ ఎక్కి, మా వైపు ముఖం పెట్టి నిలబడ్డాడు. ఈసారి టోపీ తియ్యలేదు. ఇక దాచుకోవాల్సిందేముంది అనుకున్నాడేమో. ప్రతి మాటా నాకు అచ్చు వేసినట్టు కనబడింది.

"ఇవాళ కనబడిందా మీ అమ్మ?" అన్నాడు.

డెస్మండ్ పక్కకి తిరిగి ఉన్నాడు. "లేదు కోచ్. కుర్చీ ఖాళీగానే ఉంది."

"కనబడకపోయినా పోయేటప్పుడు చెయ్యి ఊపు. ఆ రోజు చెప్పాగా."

"అందరికీ చెప్పేస్తాను కోచ్. మీరు నన్ను తిట్టలేదని చెప్పేస్తాను. అమ్మ కనబడుతోందంటే చెయ్యి ఊపమన్నారని."

"చెప్తే నిన్ను పిచ్చాడంటారు. పేజీలో రాస్తారు. నాదేముంది, ఉద్యోగం. బంతి ఇలా ఇవ్వు, నాన్నా."

నాన్నా అన్నాడు. ఇరవై రెండేళ్లుగా ఈ మనిషికి ప్రేమ ఉందా లేదా అని మేం వేరుశనక్కాయల మధ్య తేల్చుకుంటున్నాం.

ఎండకి అడ్డం పెట్టుకోలేదు ఆ రోజు వాడు. నా పక్క కుర్చీలో వాళ్లమ్మని చూసి చెయ్యి ఊపాడు. ఆ కుర్చీ పక్కనే కూర్చుని నేను ఆ తల్లి చావుని వాడి మీదికి విసిరాను.

డెస్మండ్ బంతి ఇచ్చేసి మా వైపు వచ్చాడు. మెట్టు దగ్గర ఆగి, ఖాళీ కుర్చీకి చెయ్యి ఊపాడు. ఆ తర్వాత నన్ను చూశాడు. గొంతు లేకుండా, వాళ్లమ్మ మిల్లులో మాట్లాడినట్టే, పెదాలు మాత్రం కదిపాడు. "నేను చెప్పకూడదు. మీరు చెప్పండి, మిస్ ఎర్లీన్."

"ఏమన్నాడు?" కర్లీ నా భుజం మీద చెయ్యేశాడు. "ఏమన్నాడు వదినా? మళ్లీ తిట్టాడా?"

"తిట్టలేదు," అన్నాను. "ఆ రోజు కూడా తిట్టలేదు. నాకేమీ కనబడలేదు ఆ రోజు. ఆ మాట నేనే కల్పించాను."

నా గొంతు ఎంత పెద్దగా వచ్చిందో నాకు తెలియదు. ముందు మూడు వరసలూ వెనక్కి తిరిగాయి కాబట్టి పెద్దగానే వచ్చుండాలి.

"ఆయన భయపెట్టాడా నిన్ను?" అంది లునెల్. "ఎవరన్నా వచ్చి ఇలా చెప్పమన్నారా?"

"ఎవరూ భయపెట్టలేదు. మీరందరూ నా వైపు తిరిగారు. నాకు బాగుంది. అందుకని చెప్పాను."

లునెల్ ఫోను ఒళ్లో పెట్టుకుని, స్క్రీన్ నల్లగా అయ్యేదాకా చూస్తూ కూర్చుంది. కర్లీ నా ముఖంలోకి చూశాడు. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండేది.

"ఆయన చెయ్యి చాపాడు వదినా," అన్నాడు నెమ్మదిగా, ఒక్కో మాటా నాకు అందేలా. "నేను పట్టుకోలేదు."

లేచి మెట్లు దిగాడు. డగౌట్ పక్క కంచె దగ్గర నిలబడి కోచ్‌ని పిలిచాడు. ఆయన వచ్చాడు. కర్లీ వీపు నా వైపు ఉంది, ఏం చెప్తున్నాడో కనబడలేదు. భుజాలు అదరడం మాత్రం కనబడింది. చాలాసేపు చెప్పాడు. చెప్పి, కంచె మీదుగా చెయ్యి చాపాడు. కోచ్ ఆ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు.

కొత్త కోచ్ సంతకం అయిపోయింది. ఈయన ఇల్లు అమ్మకానికి పెట్టేశాడని అందరికీ తెలుసు. నేను ఇప్పుడు ఎంత గట్టిగా చెప్పినా ఇరవై రెండేళ్లు తిరిగిరావు. అయినా ఒక్కటి చాలనిపించింది. ఆయన తల ఎత్తి నాలుగో వరస వైపు, నా వైపు చూశాడు. తిడితే తిట్టనీ, ఏమన్నా సరే, ఆ మాట చదువుకుని దాంతోనే బతుకుదామనుకున్నాను. కళ్లు తుడుచుకుని ఆయన నోటి వైపే చూశాను.

ఆయన టోపీ తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. అప్పుడు కర్లీతో ఏదో అన్నాడు. కర్లీ తల ఊపి, అటునుంచి అటే బయటికి వెళ్లిపోయాడు.

నాలుగో వరసలో అందరూ ఆట వైపు చూస్తున్నారు. ఆయన ఏమన్నాడని నన్నెవరూ అడగలేదు.